చింతలేని శిక్షణ

"ట్రైనింగుకి పోతా" అని మోహన్‌రాజ్ ధర్మపురిలో ఫోనులో అన్న మాట, ఏరియూరులో ఉన్న అత్తగారు కనకమ్మ చెవికి చేరేసరికి "ట్రైనెక్కి పోతా" అయింది.

తప్పు అల్లుడిదీ కాదు, అత్తదీ కాదు. కనకమ్మ ఇంట్లో సిగ్నల్ దొరికేది మిద్దెమెట్లలో మూడో మెట్టు దగ్గర మాత్రమే. ఆ మెట్టు మీద నిలబడితే మాట మొత్తం వినిపిస్తుంది, కూర్చుంటే సగం వినిపిస్తుంది. కనకమ్మకు మోకాళ్ల నొప్పులు. కూర్చుంది.

అంతకు ముందు నడిచిన సంభాషణ చాలా చిన్నది.

"అల్లుడా, ఈ తూరి చింతపండు పనికి నువ్వు తప్పకుండా రావల్ల. ఈ తూరి సంగతి వేరే. ఏమంటే..."

ఆ 'ఏమంటే' తర్వాత ఏముందో వినే అలవాటు మోహన్‌రాజ్‌కు పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేదు.

"లేదత్తా, నేను ట్రైనింగుకి పోతా. అయిదు దినాలు. రాలేను!"

అంతే, లైను తెగింది. అవతల కనకమ్మ గుండె కూడా దాదాపు తెగింది. "అయ్యయ్యో, అల్లుడు ట్రైనెక్కి పోతాడంటనే!" అని ఆమె పెట్టిన కేక ప్రహరీ దాటి పక్కింటి చెన్నమ్మ పెరట్లో పడింది. చెన్నమ్మకు ఏ వార్తనైనా ఉన్నదున్నట్టు చెప్పడం చిన్నతనం. అల్లుడు ట్రైనెక్కుతాడన్నది మొదటి వీధిలో చెప్పింది. రెండో వీధికి వచ్చేసరికి ఆ ట్రైను కాశీకి పోతోంది. మూడో వీధిలో మోహన్‌రాజ్‌కు గుండు కొట్టించి, కాషాయం కట్టించి, సన్యాసం ఇప్పించేసింది.

రెండు గంటల్లో మోహన్‌రాజ్ భార్య రంజని తమ్ముడు ఆనంద్‌బాబు మోటారు సైకిల్ మీద ధర్మపురిలో దిగాడు. హెల్మెట్టు కూడా తీయకుండా లోపలికి దూసుకొచ్చి చూస్తే, సన్యాసి గారు చేతుల బనీనుతో కూర్చొని నాలుగో బోండాకి కొబ్బరి చట్నీ పట్టిస్తున్నారు.

"బావా! నువ్వు కాశీకి పోలేదా?"

"బోండా తిని పోదామని ఉండాడు" అంది వంటింట్లోంచి రంజని. "ఏమిరా, నీకేమైంది?"

విషయం తేలడానికి పది నిమిషాలూ, ఆనంద్‌బాబు నవ్వు ఆగడానికి మరో పది నిమిషాలూ పట్టింది.

"అమ్మ నమ్మదు బావా. ట్రైనింగని కాగితం ఏదైనా ఉంటే చూపించు. ఫోటో తీసుకొని పోతా."

మోహన్‌రాజ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. జీవితంలో తన అబద్ధానికి సర్కారు ముద్రతో సాక్ష్యం ఉండటం ఇదే మొదటిసారి. నిజానికి అది పూర్తి అబద్ధం కూడా కాదు. ట్రైనింగు నిజం. వెళ్లేది నిజం. వెళ్లే కారణం ఒక్కటే నిజం కాదు.

ఆ కారణం పేరు చింతపండు.

కనకమ్మకు ఏరియూరులో తొమ్మిది చింతచెట్లున్నాయి. వేసవి ముంగిట మాసి నెల వచ్చిందంటే కాయ దులిపి, ఎండబెట్టి, కళ్లంలో గుట్టలు పోస్తారు. పెంకు కొట్టాలి, ఈనె లాగాలి, గింజ తీయాలి, బుట్టకెత్తాలి. ఆ అయిదు రోజులూ అల్లుళ్లందరూ కళ్లంలో కూర్చోవాలన్నది ఆ ఇంటి ఆచారం. ఏడాదంతా రసం తాగే నోళ్లకు ఆ రసం ఎక్కడి నుంచి వస్తుందో చేతులకు తెలియాలని కనకమ్మ వాదం.

పని కష్టమైనా మోహన్‌రాజ్ ఓర్చుకునేవాడు. పోటీ ఓర్చుకోలేకపోయాడు. ప్రతి సాయంత్రం కనకమ్మ బుట్టలు తూచి, ఎవరు ఎంత ఒలిచారో వీధికి వినబడేలా చెబుతుంది. పెద్దల్లుడు పళనిస్వామి ఏటా మొదటి వాడు. మోహన్‌రాజ్ ఏటా చివరివాడు. పోయిన ఏడాది అతని బుట్టను చూసి కనకమ్మ "ఇందులో పండు కూడా ఉండాదా, లేక అంతా గింజేనా?" అని అడిగింది. ఆ మాటకు ఏరియూరు నవ్వింది. అతని గోళ్లకు పట్టిన నలుపు ఉగాదికి పోయింది గానీ మనసుకు పట్టిన పులుపు పోలేదు. గింజలు తీయలేక గింజుకునే బతుకు ఇంక చాలనుకున్నాడు.

అలాంటి సమయంలో ఆఫీసుకి ఆ సర్క్యులర్ వచ్చింది.

మోహన్‌రాజ్ ఒక సర్కారు ఆఫీసులో తపాలా గుమాస్తా. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అతను పాటించిన సిద్ధాంతం ఒక్కటే: మొదటి పేజీ చదివితే పని తెలుస్తుంది, రెండో పేజీ చదివితే పని పెరుగుతుంది. అందుకని ఏ కాగితానికైనా మొదటి పేజీ మీదే 'చూశాను' అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ మాటా అబద్ధం కాదు. చూశాడు. చదివానని ఎక్కడా రాయలేదు.

ఆ ఆఫీసులో ట్రైనింగులకు పోయేవాళ్లు కొందరున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో జ్ఞానదాహం. కలైయరసన్ వెళ్లేది బ్యాగు కోసం. ట్రైనింగుకో బ్యాగు చొప్పున ఇంట్లో పదకొండున్నాయి. వాళ్ల ఇంట్లో ఉల్లిపాయలు ఉండేది 'సుపరిపాలన'లో, చెప్పులుండేది 'సమాచార హక్కు'లో. తంగరాజ్ వెళ్లేది భోజనం కోసం. ఏ ట్రైనింగులో ఏం చెప్పారని అడిగితే తెల్లబోతాడు గానీ, ఏం వడ్డించారని అడిగితే అప్పడంతో సహా వరసగా చెబుతాడు. మోహన్‌రాజ్ మాత్రం ఎన్నడూ పోలేదు. ఆఫీసులో దొరికే నిద్ర క్లాసులో దొరకదని అతని అనుమానం.

కానీ ఈసారి అధికారి శ్రీనివాసన్ స్వయంగా పిలిచాడు.

"మోహన్‌రాజ్, ప్రమోషన్ల లిస్టు తయారవుతోంది. ఈ ఆఫీసులో ఒక్క ట్రైనింగు సర్టిఫికెట్టు కూడా లేనివాళ్లు ఇద్దరే. ఒకటి నువ్వు, రెండు ఆ గోడ గడియారం. అది ఎప్పుడో ఆగిపోయింది. సర్టిఫికెట్టు లేకపోతే నీ ప్రమోషనూ అట్లే ఆగిపోతుంది. మళ్లీ నన్ను అడగొద్దు."

మోహన్‌రాజ్ భయపడి సర్క్యులర్ మొదటి పేజీ చూశాడు. 'విలువ జోడింపుపై అయిదు రోజుల శిక్షణ. ప్రారంభం: ఏర్కాడు. బస, భోజనం ఉచితం.' కొండ మీద చలి, రగ్గు కింద నిద్ర, పిలిచే పెళ్లాం లేదు, తూచే అత్త లేదు. తేదీలు చూశాడు. సరిగ్గా చింతపండు తేదీలు! దేవుడు కూడా అప్పుడప్పుడు తపాలా శాఖలో పనిచేస్తాడనుకుని, వెంటనే పేరిచ్చేశాడు. ప్రమోషన్‌కి ప్రమోషన్, విమోచన్‌కి విమోచన్!

ఆ సర్క్యులరే ఇప్పుడు సంచిలోంచి తీసి ఆనంద్‌బాబు ముందు ఝాడించాడు. ఆనంద్‌బాబు కంటే ముందు రంజని అందుకుంది.

రంజని పకోడీలు కట్టిన కాగితాన్ని కూడా రెండువైపులా చదివి గానీ పారేయని మనిషి. మొదటి పేజీ చదివింది. తల ఊపింది. పేజీ తిప్పింది. చదివింది. కనుబొమలు పైకి లేచాయి. ఇంకోసారి చదివింది. కనుబొమలు కిందికి దిగాయిగానీ, పెదాల చివర ఏదో పైకి లేచింది.

"ఏమి, బాగుండాదా?" అన్నాడు మోహన్‌రాజ్.

"చానా బాగుండాదండి. నిజంగానే ట్రైనింగే. పోయి రండి."

"నువ్వేమో అత్త తట్టు మాట్లాడతావనుకున్నా."

"నేనెప్పుడండీ అమ్మ తట్టు మాట్లాడినా? ప్రమోషను మనకు కదా."

తమ్ముడిని సాగనంపడానికి గేటు దాకా వెళ్లిన రంజని, అక్కడే పావుగంట నిలబడింది. ఇద్దరూ ఆ కాగితం చూస్తూ ఏదో గుసగుసలాడి, మోటారు సైకిల్ సీటు మీద చేతులు కొట్టుకుంటూ నవ్వారు. మోహన్‌రాజ్ కిటికీలోంచి చూసి, అక్కా తమ్ముళ్ల అనుబంధం ఎంత ముచ్చటగా ఉందో అనుకుని అయిదో బోండా అందుకున్నాడు.

ప్రయాణం రోజు పెట్టె రంజనే సర్దింది. మోహన్‌రాజ్ మూత తీసి చూసి తెల్లబోయాడు.

"ఏమే, స్వెటర్ ఒక్కటే పెట్టి, పాత లుంగీలు నాలుగు పెట్టినావే?"

"పనికొస్తాయండి."

"ఈ కొబ్బరినూనె సీసా ఏమిటికి? నా తలలో ఉండే వెంట్రుకలకు ఇంత నూనె కావల్లనా?"

"తలకని ఎవరు చెప్పినారు? చేతులకు పూసుకోండి."

"చలికి చేతులు పగులుతాయనా? ఎంత ముందుచూపే నీకు!"

"ఆమా, మా ఇంట్లో అందరం ముందు పేజీ, ఎనక పేజీ రెండూ చూస్తాం" అని రంజని పెట్టె మూసేసింది. ఆ వాక్యంలో ఏదో తేడాగా ఉందనిపించింది గానీ, అప్పటికే అతని మనసు కొండెక్కి కూర్చుంది.

ఏర్కాడులో మొదటి రోజు స్వర్గమే. మంచు, మిరియాల పాలు, మెత్తటి పరుపు. ముప్పైమంది ఉద్యోగులకూ తలా ఒక భుజం సంచి ఇచ్చారు. ముదురు కాషాయం రంగు. కలైయరసన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని జిప్పు లాగి, శబ్దం విని, "మంచి జాతి" అన్నాడు. తంగరాజ్ వంటవాడి పేరు కనుక్కుని వచ్చాడు.

శిక్షణాధికారి దేవిప్రియ ముప్పై ఏళ్ల చురుకైన అమ్మాయి. అందరికీ తలా ఒక కాగితం పంచింది.

"ఉద్యోగులు శిక్షణకు ఎందుకు వస్తారో మాకు తెలియాలి సార్. అందరూ 'విజ్ఞానం పెంచుకోవడానికి' అని రాస్తారు. ఆ విజ్ఞానం ఎక్కడా కనిపించడం లేదు. అందుకని పేర్లు వద్దు. నిజం రాయండి. చివరిరోజు అందరి ముందూ చదువుకుని, మనం ఎక్కడ మొదలుపెట్టామో చూసుకుందాం."

మోహన్‌రాజ్ ముందు 'విజ్ఞానం' అనే రాశాడు. కానీ మిరియాల పాలు గొంతు దిగుతుంటే నిజం పైకి తన్నుకొచ్చింది. విజ్ఞానం కొట్టేసి, చేతికొచ్చినంత హాయిగా రాశాడు: 'మా అత్తగారింట్లో చింతపండు పని తప్పించుకోవడానికి వచ్చాను. ఇక్కడ ఒక్క చింతగింజ కూడా కనబడలేదు. ఇరవై రెండేళ్లలో ఇదే మొదటి చింతలేని రోజు.'

మడిచి పెట్టెలో వేశాడు.

మర్నాడు పొద్దున అందరినీ వ్యాను ఎక్కించారు. ఏవో తోటలు చూపిస్తారు కాబోలనుకుని మోహన్‌రాజ్ కిటికీ పక్కన కూర్చుని కునుకు తీశాడు. కళ్లు తెరిచేసరికి వ్యాను కొండ దిగి, సేలం దాటి, నల్లంపల్లిలో టీకి ఆగి ఉంది.

"ఇదేంది, మన ఊరికే పోతాండామే?" అన్నాడు.

"ధర్మపురి దాటి పోతాం సార్" అన్నాడు డ్రైవరు. "పెన్నాగరం తట్టు."

వ్యాను కేరింతలు కొట్టింది. పెన్నాగరం తట్టంటే హొగెనకల్! జలపాతం! తంగరాజ్ అప్పుడే చేపల వేపుడు వాసన పీలుస్తున్నాడు. కలైయరసన్ తడి బట్టలు పెట్టడానికి సంచిలో అర ఖాళీ చేశాడు. పెన్నాగరంలో దారి రెండుగా చీలుతుంది. ఒకటి హొగెనకల్‌కు. రెండోది ఎక్కడికో మోహన్‌రాజ్‌కు ఇరవై రెండేళ్లుగా బాగా తెలుసు.

వ్యాను రెండోదాన్ని పట్టింది.

"డ్రైవరన్నా! దారి తప్పినావు!"

"లేదు సార్, కాగితంలో ఏరియూరనే ఉండాది."

"ఏ కాగితంలో?"

కలైయరసన్ తన సర్క్యులర్ తీసి, తానూ అప్పుడే మొదటిసారి పేజీ తిప్పి చూపించాడు. 'రెండో రోజు నుంచి క్షేత్ర శిక్షణ. స్థలం: ఏరియూరు. అంశం: చింతపండు శుద్ధి. నేర్పేవారు: మహిళా సంఘం నాయకురాలు శ్రీమతి కనకమ్మ. సర్టిఫికెట్టు ఆమె సంతకంతో మాత్రమే చెల్లుతుంది.'

ఇరవై ఆరేళ్లలో మోహన్‌రాజ్ చదివిన మొదటి రెండో పేజీ అది. చదవకపోవడమే మంచిదన్న సిద్ధాంతం ఎంత గొప్పదో అప్పుడు మరీ అర్థమైంది. ఏర్కాడుకి పోతానన్నవాడు ఏరియూరులో గింజలు ఏరబోతున్నాడు!

వ్యాను కనకమ్మ కళ్లం ముందు ఆగింది. ముప్పైమందీ దిగారు. చివర, కాషాయం సంచి భుజాన వేసుకుని, కాళ్లు రాక రాక మోహన్‌రాజ్ దిగాడు. గోడ మీంచి చూస్తున్న చెన్నమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"వచ్చినాడు సామీ! సన్యాసం పుచ్చుకొని, తొలి బిచ్చానికి అత్తింటికే వచ్చినాడు! చూడండే, జోలె కూడా ఉండాది!"

నలుగురు ముసలమ్మలు బియ్యం తెచ్చి సంచిలో పోయబోయారు. కలైయరసన్ తన సంచి కూడా ముందుకు పెట్టాడు.

కళ్లంలో చింతకాయ గుట్ట నిరుటి కంటే పెద్దగా ఉంది. గుట్ట పక్కన కనకమ్మ పట్టుచీరలో నిలబడి ఉంది. ఆమె పక్కన కొత్త కుర్చీ ఒకటి, దాని మీద ఉతికి మడిచిన తెల్లటి తువ్వాలు. కుర్చీలో ఎవరూ లేరు. మెట్ల మీద రంజని కూర్చుని మజ్జిగ తాగుతోంది. నిన్ననే బస్సులో వచ్చేసిందట.

మోహన్‌రాజ్ అత్తగారి ముందు చేతులు నలుపుకున్నాడు. కనకమ్మ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసి, చేతిలోని లిస్టులో వేలు పెట్టింది.

"పేరు?"

"అత్తా..."

"నీ పేరు అత్తనా?"

"మోహన్‌రాజ్."

"ఈ పని ముందు ఎప్పుడైనా చేసినావా?"

"ఇరవై రెండేండ్లు."

"నేర్చుకున్నావా?"

"లేదు."

ముప్పైమందీ గొల్లుమన్నారు. దేవిప్రియ కూడా నవ్వి, "పరవాలేదు, నిజం చెప్పారు" అని రాసుకుంది.

"మనిషికి అయిదు బుట్టలు" అంది కనకమ్మ. "ఈనె ఉండకూడదు, గింజ ఉండకూడదు. ఉంటే సంతకం ఉండదు. కింద కూర్చోండి. చేతులకు నూనె పూసుకోండి, జిగురు అంటదు. నూనె ఎవరైనా తెచ్చినారా?"

ఎవరూ తేలేదు. మోహన్‌రాజ్ నిశ్శబ్దంగా పెట్టె తెరిచి కొబ్బరినూనె సీసా తీశాడు. పాత లుంగీ తీసి కట్టుకున్నాడు. తర్వాత మెట్ల దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగాడు.

"నీకు ముందే తెలుసునా?"

"కాగితంలో ఉండాది కదండి."

"చెప్పకూడదా?"

"మీరు ఆపీసులో ఉండే మనిషి. మీరు చూసి సంతకం పెట్టిన కాగితం మీకు నేను చదివి చెప్పేదా? మర్యాదగా ఉంటుందా?"

"ఆ కుర్చీ ఎవరికే? అది వేసుకొని కూర్చుంటే నా నడుము..."

"దాన్ని తాకొద్దండి. అది ఒక పెద్దమనిషికని అమ్మ వేయించింది. ఆయన రాలేదు."

నాలుగు రోజులు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. మోహన్‌రాజ్ దాని నీడలో కూర్చుని ఒలిచాడు. మొదటి రోజు అతని బుట్టను కనకమ్మ బోర్లించి వెనక్కిచ్చింది. తంగరాజ్ ఒలిచినంతా నోట్లో వేసుకుంటుండటంతో అతని బుట్ట నిండలేదు. రెండో రోజు అతని పళ్లు పులిసిపోయి అన్నం కూడా తినలేకపోయాడు. శిక్షణల చరిత్రలో తంగరాజ్ భోజనం మానిన రోజు అదొక్కటే. కలైయరసన్ మాత్రం చింతగింజలు సంచిలో దాచుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, "సంచి ఖాళీగా ఉంటే బాధగా ఉంటుంది సార్" అన్నాడు.

మూడో రోజు మోహన్‌రాజ్‌కు నిజంగానే చెమటలు పట్టాయి. సంతకం లేకపోతే సర్టిఫికెట్టు లేదు, సర్టిఫికెట్టు లేకపోతే లిస్టులో పేరు లేదు. రిటైరయ్యేదాకా తానూ గోడ గడియారమూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండాల్సిందే. సిగ్గు విడిచి కనకమ్మ దగ్గరికి పోయాడు.

"అత్తా... అమ్మా... టీచరమ్మా. నాకెందుకు రావడం లేదు?"

"కాయను లోపలి వంపులో చీలుస్తాండావు. బయటి వంపులో చీల్చు. ఏమంటే, గింజ వీపు అటు తట్టు ఉంటుంది. ఒక్క గీత గీస్తే అదే జారిపోతుంది."

చీల్చాడు. గింజ జారింది. ఇంకోటి చీల్చాడు. అదీ జారింది.

"ఈ మాట ఇరవై రెండేండ్లలో ఒక్క తూరైనా చెప్పకూడదా అత్తా?"

"ఏటా చెప్తానే ఉండా. 'ఏమంటే' అనేసరికి నువ్వు లేచి పోతాండావు."

నాలుగో రోజు సాయంత్రానికి అయిదో బుట్ట నిండింది. ఈనె లేదు, గింజ లేదు. మోహన్‌రాజ్ దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకొచ్చి తూకం దగ్గర పెట్టాడు. చుట్టూ నలుగురు చూస్తున్నారేమోనని కూడా చూసుకున్నాడు. చూస్తున్నారు. బాగుంది.

ముగింపు సభ కళ్లంలోనే. ఊరు ఊరంతా వచ్చింది. దేవిప్రియ ముందు తలా ఒక ఫారం పంచింది: 'ఈ శిక్షణలో ఏం నేర్చుకున్నారు?' మోహన్‌రాజ్ తడుముకోకుండా 'ఏ కాగితమైనా రెండో పేజీ కూడా చదవాలి' అని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, అందరికంటే ముందు ఇచ్చేశాడు.

తర్వాత కనకమ్మ కలం పట్టుకుని సర్టిఫికెట్ల మీద సంతకాలు మొదలుపెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నిదానంగా పెడుతోంది. సరిగ్గా మోహన్‌రాజ్ సర్టిఫికెట్టు ఆమె ముందుకు వచ్చిన సమయంలో, దేవిప్రియ ఏర్కాడు పెట్టె తెరిచింది.

"మనం శిక్షణకు ఎందుకు వచ్చామో పేర్లు లేకుండా రాశాం కదా. ఇప్పుడు చదువుకుందాం."

మోహన్‌రాజ్‌కు ఆ పెట్టె అప్పుడు గుర్తొచ్చింది. నోట్లో తడి ఆరిపోయింది. చుట్టూ అంత చింతపండు ఉండి కూడా ఊరలేదు.

"'బ్యాగు కోసం.'" అందరూ కలైయరసన్ వైపు తిరిగారు. "'రెండు పూటలా భోజనం బాగుంటుందని.'" తంగరాజ్ తల దించుకున్నాడు. "'అయిదు రోజులు ఇంట్లో వంట చేసే పని ఉండదు.'" వెనక కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. "'మా అధికారి రానంటే ఊరుకోడు.' 'ప్రమోషన్‌కి అడుగుతున్నారు.' ఇది చూడండి, కొంచెం పొడుగ్గా ఉంది. 'మా అత్తగారింట్లో చింతపండు పని తప్పించుకోవడానికి వచ్చాను. ఇక్కడ ఒక్క చింతగింజ కూడా...'"

దేవిప్రియ ఆగింది. గుట్ట వైపు చూసింది. కాగితం వైపు చూసింది.

కనకమ్మ కలం గాల్లో ఆగింది.

పేరు లేని కాగితమే, కానీ ఆ ముప్పైమందిలో చెవుల దాకా ఎర్రబడ్డ మనిషి ఒక్కడే ఉన్నాడు.

"అయితే ఈయన కాశీకి పోలేదా?" అంది చెన్నమ్మ, గుంపులోంచి లేచి. "ట్రైనెక్కి పోతానన్నాడే! నేను మూడు వీధులకు చెప్పుండానే!"

ఇంక లాభం లేదని రంజని మెట్ల మీంచి లేచి వచ్చింది.

"అందరూ వినండి. ఈయన మా ఇంటాయన. సన్యాసి కాదు. ట్రైనింగుకి పోతా అన్నాడు, అమ్మకు ట్రైనెక్కి పోతా అని వినిపించింది. ట్రైనింగు ఏర్కాడులో అనుకున్నాడు, ఎనక పేజీలో ఏరియూరు ఉండాది. నేను చదివినా, ఈయన చదవలేదు. అంతే కథ."

దేవిప్రియ కాగితం అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. "అయితే నేర్పింది మీ సొంత అత్తగారా సార్?"

"ఆమా మేడం" అన్నాడు మోహన్‌రాజ్, నేల చూస్తూ. "అత్తా, తప్పు నాదే. ఈ తూరి ఎందుకో నువ్వు గట్టిగా పిలిచినావు. నేనే పారిపోయినా."

కనకమ్మ కలం కింద పెట్టింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఎందుకు పిలిచినానో ఇప్పుడైనా చెప్తా, విను. ముప్పైమంది ఆపీసర్లు వస్తారని కాగితం వచ్చింది. నాకు భయమేసింది. వాళ్లతో ఏం మాట్లాడల్ల, ఎట్ల మాట్లాడల్ల? ఇంట్లో సర్కారు మనిషి నువ్వొక్కడివే. అల్లుడా, ఈ తూరి నువ్వు రావల్ల, సంగతి వేరే, ఏమంటే నువ్వు చింతకాయ తాకనే వద్దు, నా పక్కన కుర్చీలో సుమ్మా, ఊరికే కూర్చుంటే చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది అని చెప్దామనుకున్నా. కుర్చీ కూడా కొత్తది తెప్పించినా. నువ్వు 'ఏమంటే' దగ్గరే పోతివి."

మోహన్‌రాజ్ కుర్చీని చూశాడు. దాని మీద తెల్లటి తువ్వాలును చూశాడు. తన నల్లటి గోళ్లను చూశాడు. అల్లుడిగా వచ్చి ఉంటే ఆ నాలుగు రోజులూ ఆ కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగేవాడు. తెలివిగా తప్పించుకుని వచ్చాడు కాబట్టి అయిదు బుట్టలు ఒలిచాడు.

మొదట నవ్వింది పెద్దల్లుడు పళనిస్వామి. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం.

"కానీ ఒకటి చెప్పల్ల" అంది కనకమ్మ, నవ్వుల మధ్య కలం అందుకుంటూ. "ఎందుకు వచ్చినాడో నాకు పని లేదు. వచ్చినాక నేర్చుకున్నాడు. బుట్టలో గింజ లేదు." సంతకం పెట్టింది. మిగతావాటి కంటే ఈ సంతకం కొంచెం పెద్దగానే పెట్టింది.

మోహన్‌రాజ్ సర్టిఫికెట్టు రెండు చేతులా అందుకున్నాడు. ఈసారి బుద్ధిగా వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"అది కాదండి" అంది రంజని, దేవిప్రియ చేతిలోని ఫారాల కట్టలోంచి ఒకటి లాగి. "రెండో పేజీ చదవల్లని రాసి ఇచ్చినారే, ఆ ఫారానికే రెండో పేజీ ఉండాది."

"ఏముందే?"

"'శిక్షణ పొందిన నేను, వచ్చే ఏడాది ఇదే స్థలంలో కొత్తవారికి అయిదు రోజులు నేర్పడానికి సమ్మతిస్తున్నాను. ఇష్టం లేనివారు అడ్డంగా గీత కొట్టండి.' అందరూ కొట్టినారండి. మీరొక్కరే కొట్టలేదు."

మోహన్‌రాజ్ నెమ్మదిగా తన చింతపెంకుల మధ్యకు పోయి కూర్చున్నాడు. కనకమ్మకు జాలేసింది.

"దిగులు పడొద్దు అల్లుడా. వచ్చే ఏడు నువ్వే టీచరు. కుర్చీ కూడా వేస్తా. ఏమంటే..."

మోహన్‌రాజ్ లేవలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, 'ఏమంటే' తర్వాత ఏముందో వినడానికి తల పైకెత్తి కూర్చున్నాడు.

"ఏమంటే, నేర్పేవాడు కింద కూర్చొని నేర్పల్ల కదా? కుర్చీలో రంజని కూర్చుంటుంది."